పాలు పోసే వేళ పసిబిడ్డను ఎవరు చూస్తారు?

తెల్లవారుజామున 4 గంటలకు గొడ్లచావిడిలో దీపం వెలుగుతుంది. పేడ ఎత్తి, కుడితి పెట్టి, దూడను విడిచి గేదెను చేపించి, పాలు పితికి, 6 గంటలకల్లా పాలకేంద్రం ముందు వరసలో నిలబడాలి. పెదపారుపూడి అయినా, గుడివాడ, పామర్రు చుట్టుపక్కల మరే ఊరయినా ఇదే వరస. సాయంత్రం 4 గంటలకు మళ్ళీ మొదలు. ఈ పనిలో పెద్ద భాగం ఆడవారిదేనని మన సభ్యులకు వేరే చెప్పనక్కరలేదు. పాస్‌బుక్కు మీద పేరు మాత్రం చాలా ఇళ్ళలో మగవారిదే వుంటుంది. అది మరొకసారి మాట్లాడుకోవలసిన సంగతి.

ఈ రెండు పూటలా ఆ ఇంట్లోని ఏడాదిన్నర బిడ్డ ఎక్కడ వుంటాడు? ఏ పాలకేంద్రం దగ్గర నిలబడినా ఈ మాటలు వినబడుతూనే వుంటాయి.

"చంటాణ్ణి ఎవరి దగ్గర వదిలొచ్చావే అమ్మాయ్?"

"పెద్దపిల్ల చూస్తోందిలే పిన్నీ. శాంపిలు ఇచ్చేసి పరుగున వెళ్ళిపోతా."

ఆ పెద్దపిల్లకు తొమ్మిదేళ్ళు. తల్లి తిరిగి వచ్చేదాకా తమ్ముణ్ణి ఎత్తుకుని తిరిగి, తరవాత హడావిడిగా జడ వేయించుకుని బడికి పోతుంది. ఊడ్పుల రోజుల్లోనయితే అసలే పోదు. పసివాణ్ణి చూసేవారు లేకపోతే ఒక్క బిడ్డకు కాదు, ఇద్దరు బిడ్డలకు నష్టం. లెక్క వేసేటప్పుడు మనం రెండో బిడ్డను మరచిపోతాం.

అంగన్‌వాడీ వుంది గదా అని కొందరు సభ్యులు అంటారు. వుంది, దాని మేలు తక్కువది కాదు. 1975 అక్టోబరు 2న దేశంలో 33 బ్లాకులలో సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలయింది. ఇప్పుడు మన రాష్ట్రంలోనే 55 వేలకు పైగా కేంద్రాలున్నాయి. అంతకు ముందు కూడా ఊళ్ళలో ఏమీ లేదనుకోరాదు. 1953లో దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి అధ్యక్షతన ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు పల్లెటూళ్ళలో బాలవాడీలు నడిపించింది. పాత తరం వారి నోట ఇప్పటికీ బాలవాడి అనే మాటే వస్తుంది.

అంగన్‌వాడి అన్న పేరులోనే ఒక కథ వుంది. అంగన్ అంటే ముంగిలి, వాడి అంటే తోట. బొంబాయికి ఉత్తరాన సముద్రపు ఒడ్డున బోర్డి అనే ఊరుంది. గుజరాతులో గిజుభాయి బధేకా గారితో కలిసి పసిపిల్లల బడిలో పనిచేసిన తారాబాయి మోడక్ గారు 1945లో ఆ ఊళ్ళో పని ప్రారంభించారు. అనూతాయి వాఘ్ గారు ఆమెకు తోడయ్యారు. పేద ఇళ్ళ పిల్లలు బడికి రాలేదు. రాకపోతే మానె అని ఊరుకోక, వారు బడినే ఆ పేటల ముంగిళ్ళలోకి తీసుకువెళ్ళారు. బిడ్డ వున్న చోటికి బడి వెళ్ళాలి అన్నది వారి పద్ధతి. చోటు విషయంలో మన దేశం ఈ పాఠం చాలావరకు నేర్చుకుంది. వేళ విషయంలో మాత్రం ఇంకా నేర్చుకోలేదు.

అంగన్‌వాడీలో కూర్చోబెట్టి ఆటపాటలు నేర్పేది మూడేళ్ళు నిండి ఆరేళ్ళలోపు పిల్లలకు. ఏడు నెలల నుండి మూడేళ్ళ లోపు బిడ్డకు బరువు తూస్తారు, ఇంటికి పోషకాహారం ఇస్తారు. రోజంతా అక్కడ వుంచుకోరు. పైగా కేంద్రం తెరిచేది 9 గంటల ప్రాంతంలో. అప్పటికి మన పాలక్యాన్లు బండి ఎక్కి గంటో రెండు గంటలో అయి వుంటుంది. అంటే మన ఇళ్ళలో తల్లి చేతులు ఖాళీ లేని వేళకూ, బిడ్డను చూసే ఏర్పాటుకూ పొంతన కుదరటం లేదు. ఏడు నెలలనుండి మూడేళ్ళ వయస్సులో అయితే ఏ వేళా ఏర్పాటు లేదు. ప్రాకేదీ, తప్పటడుగులు వేసేదీ, కనబడినదల్లా నోట్లో పెట్టుకునేదీ ఆ వయస్సులోనే.

గొడ్లున్న ఇంట్లో ఆ వయస్సు బిడ్డకు ఏమేమి ప్రమాదాలున్నాయో ఒకసారి మన ఇంటి చుట్టూ చూద్దాం. మొదటిది కుడితి గోలెం. దాని అంచు ఏడాదిన్నర బిడ్డ ఛాతీ ఎత్తున వుంటుంది. లోపల ఏముందోనని వంగి చూస్తాడు. ఆ వయస్సులో తల బరువు ఎక్కువ. ముందుకు పడితే తనంత తాను లేవలేడు. నిండా నీళ్ళుండనక్కరలేదు, జానెడు కుడితి చాలు. అరుపు కూడా వినబడదు. ఆ తరవాత పశువులకు నీళ్ళు పెట్టే సిమెంటు తొట్టి, స్నానాల దగ్గర బకెట్టు, ఇంటి ముందు పంట బోదె, వీధి చివర కాలువ, ఊరి మంచినీళ్ళ చెరువు. ఇప్పుడు వీటికి చేపల చెరువులు కూడా తోడయ్యాయి. డెల్టాలో నీరే మన సిరి. ఆ నీరే ఒకటి నుండి నాలుగేళ్ళ వయస్సు వారికి గండం. నీట మునిగి పోయేవారి రేటు ప్రపంచం మొత్తం మీద ఈ వయస్సులోనే అందరికన్న ఎక్కువ అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలు చెబుతున్నాయి.

ఈ విషయంలో మనకు దగ్గర పోలికగల దేశం బంగ్లాదేశ్. అదీ డెల్టాయే. వరిచేలు, కాలువలు, ఇంటింటి పక్కనా గుంట. అక్కడ పసిపిల్లలు ఎక్కువగా మునిగిపోయేది వరదల్లో కాదని, మామూలు రోజున, ఇంటికి కూతవేటు దూరంలో, పొద్దున 9 నుండి మధ్యాహ్నం 1 గంట లోపున అని పరిశీలనలో తేలింది. ఆ వేళకు తల్లి వంటపనిలో, ఇంటిపనిలో వుంటుంది. తండ్రి పొలంలో వుంటాడు. అందుకని సరిగ్గా ఆ నాలుగు గంటలే, వారానికి ఆరు రోజులు, ఊళ్ళోనే ఒక స్త్రీ ఇంట్లో ఏడాది నుండి అయిదేళ్ళ లోపు పిల్లల్ని కూర్చోబెట్టే కేంద్రాలు పెట్టారు. వాటి పేరు ఆంచల్, అంటే చీర కొంగు. చూసే ఆమెను ఆంచల్ అమ్మ అంటారు. ఆమె పెద్ద చదువులు చదివినది కానక్కరలేదు. కొద్దిపాటి శిక్షణ, తోడుగా ఒక మనిషి, పాతిక మంది దాకా పిల్లలు. ఆ కేంద్రాలకు వచ్చిన పిల్లలలో నీట మునిగి చనిపోవటం 80 శాతానికి పైగా తగ్గింది. 2022లో అక్కడి ప్రభుత్వం 8 వేల కేంద్రాలతో, 2 లక్షల మంది పిల్లల కోసం ఈ పనిని తన పథకంగా తీసుకుంది.

ఇందులో మనం చూడవలసింది భవనం కాదు, సామాను కాదు. వారు ముందు తల్లి చేతికి ఖాళీ లేని వేళ ఏదో కనుక్కున్నారు. ఆ వేళకు కేంద్రం తెరిచారు. పెదపారుపూడిలాంటి పాల ఊరిలో ఆ వేళ ఏదో కనుక్కోవటానికి పరిశీలకులు రానక్కరలేదు. సంఘం రిజిస్టరులోనే వుంది: పొద్దున పాలు తీసుకునే వేళ, సాయంత్రం పాలు తీసుకునే వేళ.

పాల సంఘానికి పసిపిల్లలతో పనేమిటి అనే ప్రశ్న సమావేశంలో తప్పక వస్తుంది. దానికి ఆణంద్ వారి జవాబు వుంది. ఖేడా జిల్లా పాల సంఘాన్ని నిలబెట్టిన త్రిభువన్‌దాస్ పటేల్ గారు పదవి విడిచినప్పుడు సభ్యులు తలకు ఒక రూపాయి చొప్పున వేసి సుమారు ఆరు లక్షల రూపాయల నిధి ఆయనకు సమర్పించారు. ఆయన దానిని ఇంటికి పట్టుకుపోలేదు. ఆ సొమ్ముతో 1975లో త్రిభువన్‌దాస్ ఫౌండేషన్ ఏర్పడింది. ఊరి పాల సంఘం ద్వారానే తల్లీబిడ్డల ఆరోగ్యం చూసే కార్యకర్తను పెట్టి, బాలవాడీలు కూడా నడిపారు. పాలు పోయటానికి రోజూ రెండు పూటలా ఊరంతా వచ్చే చోటు మరొకటి ఏముంది? బళ్ళోకి అందరూ రారు, పంచాయతీ ఆఫీసుకు అసలే రారు. గుజరాతులోనే సేవ సంస్థకు చెందిన స్త్రీలు సంగిని అనే పేరుతో శిశు సంరక్షణకే ఒక సహకార సంఘం పెట్టుకున్నారు. పాలను సహకార పద్ధతిలో అమ్మినట్టే బిడ్డలను సహకార పద్ధతిలో చూసుకోవచ్చునన్నమాట. మనవైపు విజయవాడ పాల కర్మాగారం కూడా 1960ల చివర ఐక్యరాజ్య సమితి బాలల నిధి, అంటే యునిసెఫ్, సాయంతో వచ్చినదే. బిడ్డల పేరు మీద వచ్చిన సాయంతో మన పాల వ్యాపారం నిలబడింది. ఆ బాకీ ఇంకా పూర్తిగా తీరలేదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఇక ఖర్చు మాట. రోజుకు 500 లీటర్లు తీసుకునే సంఘం అనుకుందాం. లీటరుకు 20 పైసలు ఈ పనికి కేటాయిస్తే రోజుకు 100 రూపాయలు, నెలకు 3 వేలు. రోజుకు 5 లీటర్లు పోసే సభ్యుడి మీద పడేది ఒక్క రూపాయి. రెండు పూటలా రెండేసి గంటలు పిల్లలను చూసే ఆమెకు ఇది పెద్ద జీతం కాదు. అయినా ఊరికే చేయించుకోవటం కాదు. ఆమెకు జీతం లేకుండా, సేవ అని పేరు పెట్టి నడిపినవి రెండు నెలలకు మూతపడటం మనకు తెలిసినదే. బోనసు లెక్కలు తేల్చే ముందే బైలా ప్రకారం ఈ మొత్తం పక్కన పెట్టాలని పాలకవర్గం తీర్మానం చేయవచ్చు.

ఎవరిని పెట్టాలి? నలుగురు బిడ్డలను పెంచి, ఇప్పుడు గేదెల పని చేయలేని నాయనమ్మ, అమ్మమ్మ వయస్సు వారు ప్రతి ఊరిలోనూ వుంటారు. ఓపిక, చూపు, చెవి సరిగా వుండాలి. ఒక్కరే వుండరాదు, ఒకరు లేచి లోపలికి వెళితే రెండోవారి చూపు పిల్లల మీద వుండాలి. మూడేళ్ళ లోపు వాళ్ళు ఎక్కువ మంది వస్తే మనుషులను పెంచుకోవాలే గాని పిల్లలను కుక్కరాదు. వచ్చిన బిడ్డ పేరు, తెచ్చినవారి పేరు, తీసుకువెళ్ళినవారి పేరు పుస్తకంలో వ్రాయాలి. లీటరు పాలకు సంతకం తీసుకునే మనం బిడ్డకు తీసుకోకపోతే ఎలా?

గది ఎక్కడ అన్నది జాగ్రత్తగా చూడాలి. పాలకేంద్రం పక్కనే అయితే తల్లికి వీలు, కాని కేంద్రం లోపల మాత్రం కాదు. కొవ్వు పరీక్షకు గంధకామ్లం వాడే చోట పిల్లలను ఆ బల్ల చాయలకు కూడా రానివ్వకూడదు. ఇప్పుడు చాలా సంఘాలు యంత్రంతోనే పరీక్ష చేస్తున్నాయి. అయినా 40 లీటర్ల క్యాన్లు దొర్లించే చోట, క్యాన్లు కడిగే సోడా, వేడినీళ్ళు వుండే చోట పసివాళ్ళకు ఏం పని? బండి వెనక్కు వచ్చే దారి కూడా కాకూడదు. పక్కన ఒక పంచ, దానికి నడుమెత్తు దడి, గొళ్ళెం పడే తలుపు, చాపలు, తాగే నీళ్ళు, చేతులు కడుక్కునే సబ్బు. ఇంతే చాలు. రంగు బొమ్మల గోడలు తరవాత చూసుకోవచ్చు.

పగటి వేళ ఏర్పాటుకు ప్రభుత్వం వైపు నుండి ఒక దారి వుంది. 2022 ఏప్రిల్ నుండి అమలులోకి వచ్చిన పాల్నా పథకం కింద ఆరు నెలల నుండి ఆరేళ్ళ పిల్లలకు, నెలకు 26 రోజులు, రోజుకు ఏడున్నర గంటలు నడిచే శిశు కేంద్రాలకు, అంగన్‌వాడీతో కలిసిన వాటికి కూడా, వీలు కల్పించారు. (పాల్నా అంటే హిందీలో ఊయల, మన పాలతో సంబంధం లేదు.) మన మండలానికి అది మంజూరయిందా, అడిగితే వస్తుందా అన్నది ఐ.సి.డి.యస్. ప్రాజెక్టు అధికారికి సంఘం పేరున ఒక ఉత్తరం వ్రాస్తే తెలుస్తుంది. ఒక్క తల్లి అడగటం వేరు, రెండు వందల మంది సభ్యులున్న సంఘం అడగటం వేరు.

పిల్లల్ని కూర్చోబెట్టాక రెండు గంటలు ఏం చేయించాలి? ఇక్కడ మన వారిలో ఒక పొరపాటు అభిప్రాయం వుంది. నెలల బిడ్డకు నేర్పేదేముంది, నిద్రపుచ్చితే చాలు అని. మూడేళ్ళు నిండగానే మాత్రం పలక పట్టి అక్షరాలు దిద్దాలి, లేకపోతే కాన్వెంటులో సీటు రాదని. రెండూ సరికాదు. బిడ్డ మెదడు పెరుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్ళ లోపే జరుగుతుందని 2020 జాతీయ విద్యా విధానంలో వ్రాశారు. ఆ పెరుగుదలకు మేత మాటలు. ఒడిలోని బిడ్డ ఉంగా అంటే ముసలమ్మ తిరిగి ఉంగా అంటుంది చూడండి, అదే మొదటి పాఠం. ముద్ద పెడుతూ కాకిని చూపించటం, చందమామ పాట పాడటం, కాళ్ళు చాపి ఆడించే ఆటలు, ఇవన్నీ మన ఇళ్ళలో తరతరాలుగా వున్న శిశు విద్యే. వాటిని ఫోను తెర ముందు వదిలిపెట్టుకోవటమే ఇప్పుడు జరుగుతున్న నష్టం. తెర బిడ్డకు జవాబు చెప్పదు.

మాంటిస్సోరి అనే పేరు మీరు వినే వుంటారు. ఇటలీ దేశపు ఆ వైద్యురాలు 1939లో మద్రాసు అడయారుకు వచ్చి మన దేశపు ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. మనకు దగ్గరలో విజయవాడలో వి. కోటేశ్వరమ్మ గారు 1955లో ఆమె పేరున చిన్నపిల్లల బడి ప్రారంభించారు. 2017లో పద్మశ్రీ పురస్కారం కూడా అందుకున్నారు. మాంటిస్సోరి పద్ధతిలో చిన్నపిల్లలకు ఇచ్చే మొదటి పనులలో ఒకటి ఏమిటో తెలుసా? ఒక చిన్న పాత్రలోనుండి మరో పాత్రలోకి ఒలకకుండా పోయటం. మొదట గింజలు, తరవాత నీళ్ళు. తల్లి కేంద్రంలో పాలు పోస్తుంటే పక్క పంచలో బిడ్డ బుల్లి చెంబుతో నీళ్ళు పోయవచ్చును. చెయ్యి, కన్ను కలిసి పనిచేయటం ఇందులో నేర్చుకుంటాడు. ఇది రేపు కలం పట్టటానికి పనికివస్తుంది. ఒలికితే తిట్టరాదు, గుడ్డ ఇచ్చి తుడవమనాలి.

మూడేళ్ళు దాటినవారికి తాటాకు బొమ్మలు, గవ్వలు, చింతపిక్కల లెక్కలు, దాగుడుమూతలు, చెమ్మచెక్క, ఒక కథ. ఈ గేదె ఎవరిది, దూడకు ఎన్ని కాళ్ళు, ఏ క్యాను పెద్దది అని అడుగుతూ పోతే సగం లెక్కలు వచ్చేస్తాయి. ఒక్క హెచ్చరిక. చింతపిక్కలు, గవ్వలు మూడేళ్ళలోపు వారి చేతికి అందరాదు. గొంతులో అడ్డుపడతాయి. అందుకే పెద్దవాళ్ళ చాప, చిన్నవాళ్ళ చాప వేరువేరుగా వేయాలి. వ్రాయించే తొందర వద్దు. నాలుగేళ్ళ వాడు అక్షరం వంకర వ్రాశాడని వేలు మీద కొట్టే చోటికి బిడ్డను పంపటం కంటే ఇంట్లో మట్టిలో ఆడుకోనివ్వటం నయం.

తిండి సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే పాల పత్రికలో ఇది చెప్పకపోతే తప్పు. మన గేదె పాలు ఎంత చిక్కనివైనా ఆరు నెలలలోపు బిడ్డకు పనికిరావు. అప్పటిదాకా తల్లిపాలే, నీళ్ళు కూడా అక్కరలేదు. పని తొందరలో సీసాలో నీళ్ళు కలిపిన గేదె పాలు పోసి ముసలమ్మ చేతికి ఇచ్చి రావటం విరేచనాలకు దారి. చంటిబిడ్డ తల్లిని వరసలో ముందు పంపితే పావుగంటలో ఇంటికి చేరుతుంది. దీనికి పైసా ఖర్చు లేదు, సెక్రటరీగారు ఒక్క మాట అంటే చాలు. ఆరు నెలలు నిండాక తల్లిపాలతో బాటు మెత్తగా చేసిన అన్నం, పప్పు, కాస్త నెయ్యి. ఏడాది దాటిన తరవాతే గ్లాసుతో పాలు. అవీ కాచినవే, పచ్చి పాలు కాదు.

ఆ గ్లాసెడు పాలు ఇంట్లో మిగులుతున్నాయా అన్నది ఇంకో ప్రశ్న. ఉన్నదంతా క్యానులో పోసి, బిడ్డకు పలచని మజ్జిగ నీళ్ళు పోసే ఇళ్ళు లేవని ఎవరూ అనలేరు. కొవ్వు శాతం 7 వచ్చిందా, 6.8 వచ్చిందా అని చీటీ పట్టుకుని వాదించే మనం, బిడ్డ బరువు ఎంత వచ్చిందో అంగన్‌వాడీ కార్డు తీసి చూడం. ఆ కార్డులో గీత పైకి పోతోందా, అడ్డంగా సాగుతోందా అన్నది కూడా నెలనెలా చూడవలసిన లెక్కే. క్యాను నింపే ముందే పావు లీటరు వేరే గిన్నెలో తీసి పెట్టటం అలవాటు చేసుకోవాలి. ఆ పావు లీటరుకు సంఘం డబ్బు ఇవ్వదు గనుక అది మిగలదు. ముందు తీస్తేనే మిగులుతుంది.

డెల్టా కాలువలకు నీళ్ళు వదిలేది సాధారణంగా జూన్‌లో. ఆ వెంటనే నారుమళ్ళు, తరవాత ఊడ్పులు. అప్పటికి తల్లులకు రెండు పూటలే కాదు, పగలంతా తీరిక వుండదు. కాలువలూ బోదెలూ నిండుగా వుంటాయి. కనుక ఈ పని తలపెట్టే సంఘం మే నెల పాలకవర్గ సమావేశంలోనే అజెండాలో పెట్టుకోవటం మంచిది. దానికి ముందు ఒక పని. సెక్రటరీగారు గాని, పరీక్ష చేసే కుర్రవాడు గాని ఒక నోటుపుస్తకం తీసుకుని, పాలు పోయవచ్చిన ప్రతి సభ్యురాలినీ రెండు ప్రశ్నలు అడిగి వ్రాసుకోవాలి: ఇంట్లో అయిదేళ్ళ లోపు వారు ఎంతమంది, ఇప్పుడు వాళ్ళు ఎవరి దగ్గర వున్నారు. ఒక్క వారంలో పుస్తకం నిండుతుంది. ఈలోగా, ఎవరి తీర్మానం కోసమూ ఆగనక్కరలేకుండా, కుడితి గోలేనికి సరిపడే చెక్కమూత ఒకటి వడ్రంగి చేత చేయించి, పైన ఒక రాయి పెట్టించండి.